మొదలు పైకి పెట్టిన స్తంభం

మా శాఖ వరండాలో నోటీసు బోర్డు పక్కన ఒక ఫోటో ఉంది. ముప్పై మంది పెద్దమనుషులు వెదురు బొంగుల కింద భుజాలు పెట్టి ఒక చెక్క ఇంటిని ఎత్తుతున్నట్టు అందులో కనిపిస్తారు. ముందు వరసలో ఎడమ నుంచి నాలుగోవాణ్ని నేనే. మెడ నరాలు ఉబ్బించి, పళ్లు బిగబట్టి, ఎంతో బరువు మోస్తున్నవాడిలా ఉంటాను. ఆ ఇంటిని అప్పుడు నేలకు బోల్టులతో బిగించి ఉంచారు. ముప్పై మంది కాదు, మూడు వందల మంది వచ్చినా అది అంగుళం కదిలేది కాదు. ఆ సంగతి ఫోటోలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. రోజూ క్లాసుకు ఆ ఫోటో ముందు నుంచే పోవాలి. పోయిన ప్రతిసారీ నా మీద నాకు రోత పుడుతుంది.

ఆ ఇల్లు మా పరిశోధక విద్యార్థిని కట్టాలనుకున్న ఇల్లు. ఇండోనేషియాలో సులవేసి అనే ద్వీపం నుంచి నాలుగేళ్ల కింద మా విశ్వవిద్యాలయానికి వచ్చింది. నేనే గైడుని. తమ ఊళ్లలో ఇళ్లు ఎలా కడతారో, ఊరంతా కలిసి ఎందుకు కడతారో రాస్తానంది. మొదటి ఏడాది ఇంగ్లీషులో మాట్లాడేది. తర్వాత హాస్టల్ మెస్సులో వంట చేసే ఆడవాళ్ల దగ్గర తెలుగు నేర్చేసుకుంది. వాళ్లంతా జనగామ, ఆలేరు వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్లు కాబట్టి ఈ పిల్ల తెలుగు కూడా అచ్చంగా వాళ్లదే. తార్నాక మెట్రో కింద ఆటోవాడితో బేరమాడుతుంటే, మొహం చూసి ఇంగ్లీషు మొదలుపెట్టినవాడు బిత్తరపోయి వెనక్కి తిరిగి చూసేవాడు.

వాళ్ల నాన్న అక్కడ ఇళ్లు కట్టే పెద్ద మేస్త్రీ. కాగితం మీద గీత గీయడు. ఇంట్లో ఉండబోయే మనిషి బారతో, మూరతో కొలత తీస్తాడు. స్తంభాలకు తొర్రలు చేసి, దూలాలు వాటిలోంచి దూర్చి, చెక్క మేకులు కొట్టి బిగిస్తాడు. ఇనుము ముట్టడు. స్తంభాల్ని నేలలో పాతరు, రాళ్ల మీద నిలబెడతారు. ఇల్లుగలాయన చోటు మారాలనుకుంటే ఊరు ఊరంతా వచ్చి, బొంగులు కట్టి, ఇంటికి ఇంటినే భుజాల మీద మోసుకుపోతారట. ఇది మొదటిసారి విన్నప్పుడు నేను నమ్మలేదు. ఫోనులో వీడియో చూపించింది. వంద మంది పైన ఒక ఇంటిని మోసుకుని పొలం గట్టు మీద నడుస్తున్నారు. ఇంటి కిటికీకి కట్టిన తెర గాలికి ఊగుతూనే ఉంది.

ఆ ఇళ్లలో అన్నిటికంటే ముందు నిలబెట్టేది నడిమి స్తంభం. మన పాకలకు నిట్రాట ఎలాగో అలాగ. ఇంటి బొడ్డు అంటారట దాన్ని. చెట్టు ఎలా నిలబడిందో స్తంభం కూడా అలాగే నిలబడాలి. వేరు వైపు కిందికి, కొమ్మ వైపు పైకి. అది తిరగబడిందా, ఆ ఇంటికి కలిసిరాదు. కట్టిన మేస్త్రీని మళ్లీ ఎవడూ పిలవడు.

ఈ మాట ఆమె చెప్పినప్పుడు నేను తల ఊపి, బాగుంది, రాయమ్మా అన్నాను. ఇదే మాట మా నాన్న నోటివెంట ఎన్నిసార్లు విన్నానో. మా నాన్న వడ్రంగి, ఊళ్లో వడ్ల పని చేసేవాడు. ఊళ్లో నాగళ్లు, తలుపులు, దర్వాజాలు అన్నీ ఆయన చేతి మీదుగా పోయేవి. ఏ కర్ర తెచ్చినా ముందు ముడి మీద బొటనవేలు పెట్టి రుద్ది, మొదలు ఎటు, కొస ఎటు అని నన్ను అడిగేవాడు. తప్పు చెబితే నెత్తిన మొట్టేవాడు. కొమ్మ ఎటు వంగి లేచిందో ముడి చెబుతుంది. చదవడం కంటే ముందు నేను నేర్చుకున్నది అదే.

విశ్వవిద్యాలయంలో ఈ సంగతి ఎవరికీ తెలియదు. నేను చెప్పలేదు. ఎవరైనా అడిగితే వ్యవసాయం అంటాను. ఇరవై ఏళ్లుగా అంటున్నాను. ఎవరూ కొట్టి అడిగింది లేదు, తిట్టి అడిగింది లేదు. అయినా అదే మాట నోట్లోంచి వస్తుంది.

ఆ పిల్లకు అన్నదమ్ములు లేరు. చిన్నప్పటి నుంచి తండ్రి వెంట తిరిగి పనంతా నేర్చింది. కానీ వాళ్ల దగ్గర ఇల్లు నిలబెట్టే రోజు ఆడవాళ్లు వంట చేస్తారు, స్తంభం ఎత్తమని కేక వేసేది మాత్రం మగాడే. తండ్రి ఆమెకు ఒక షరతు పెట్టాడు. ఇక్కడి జనం నా మొహం చూసి వస్తారు, అది నీ గొప్ప కాదు. నన్నెరగని చోట, నిన్నెరగని జనం నీ మాట మీద వచ్చి చెయ్యి వేసి ఒక ఇల్లు నిలబెడితే, నా పనిముట్ల పెట్టె నీది అన్నాడట. అందుకని క్యాంపస్‌లో చిన్న ఇల్లు ఒకటి కట్టనివ్వమని నన్ను అడిగింది. తొమ్మిది స్తంభాలు, ఒక గది, ఒక నిచ్చెన. జనాన్ని తనే పిలుచుకుంటానంది. నిలబెట్టేటప్పుడు తండ్రి ఫోనులో చూస్తాడు.

నేను డీన్ దగ్గరికి తీసుకుపోయాను. నా తప్పుల్లో అది మొదటిది. లైబ్రరీ వెనక ఖాళీ స్థలంలో ఎవరినీ అడక్కుండా కట్టేసుకుంటే ఆమెనెవరూ పట్టించుకునేవారు కాదు. డీన్ విని కుర్చీలో ముందుకు జరిగాడు. ఇంకో నెలన్నరలో మా విశ్వవిద్యాలయానికి గ్రేడు వేసే కమిటీ వస్తోంది. విదేశీ విద్యార్థులు, సంప్రదాయ విజ్ఞానం, సామూహిక శ్రమ, మూడూ ఒకే ఇంట్లో దొరికాయి. ఆయన కళ్లు మెరిశాయి. పరిపాలనా భవనం ముందు కడదాం, కారు దిగగానే కనిపించాలి అన్నాడు. నా ప్రొఫెసర్ ప్రమోషన్ ఫైలు అప్పటికి ఎనిమిది నెలలుగా ఆయన బల్ల మీదే ఉంది. నేను సరే సార్ అన్నాను.

కలప కోసం ఆమె, నేను, మల్కాజ్‌గిరి స్టేషన్ దగ్గర కొట్టు ఉన్న ఒక వడ్ల మేస్త్రీ, ముగ్గురం బౌద్ధనగర్ వెళ్లాం. అక్కడ అపార్టుమెంటు కోసం ఒక పాత ఇంటిని కూలుస్తున్నారు. తొమ్మిది టేకు స్తంభాలు వరండా మట్టిలో పడి ఉన్నాయి. ఒకే ఇంట్లో కలిసి నిలబడిన కర్రలు కొత్త చోట కూడా కొట్లాడుకోవని ఆమె నమ్మకం. మట్టిలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక్కొక్క స్తంభాన్నీ వేళ్లతో తట్టి, చెవి పెట్టి విని, వేరు వైపున పసుపు బొట్టు పెట్టింది. నేనూ ఒకదాని పక్కన కూర్చున్నాను. ఊరికే చెయ్యి వేశాను. మేస్త్రీ నన్ను చూస్తున్నాడని తర్వాతగానీ గమనించలేదు.

"సారు, మీరు వడ్లోళ్లా?" అన్నాడు మెల్లగా.

నేను నవ్వి, కాదు, చిన్నప్పుడు పక్కింట్లో చూసేవాణ్ని అన్నాను. ఆయన నా బొటనవేలి వంక చూశాడు. అది ఇంకా ముడి మీదే ఉంది.

స్తంభాలు క్యాంపస్‌కు చేరిన వారానికి పని ఆమె చేతిలోంచి జారిపోయింది. పెళ్లి మండపాలు వేసే కాంట్రాక్టరు ఒకడు వచ్చాడు. డీన్‌కు తెలిసినవాడు. తాటాకు కప్పుతామని ఆమె అంటే, నిప్పు భయం అని ప్లాస్టిక్ గడ్డి తెచ్చాడు. చూస్తే అచ్చం గడ్డే, ముట్టుకుంటే జిడ్డు, ఎండకు రబ్బరు కంపు. తొర్రలు తీయడానికి టైమ్ లేదని మూలమూలకూ కొట్టడానికి ఇనుప పట్టీలు, అవి కనబడకుండా పైన చుట్టడానికి కొబ్బరి తాడు తెప్పించాడు. స్తంభాల కింద రాళ్లు కాదు, ఇనుప పాదాలు, బోల్టులు. ఇల్లు కాదు అది, పెళ్లివారి సెల్ఫీ పాయింటు. ఆ పిల్ల రోజూ వచ్చి ఒక్కోటి చూసి, నా గదికి వచ్చి చెప్పేది. నేను డీన్‌తో మాట్లాడతానమ్మా అనేవాణ్ని. మాట్లాడేవాణ్ని కాదు. ఆయన గది దాకా పోయి, లోపల ఎవరో ఉన్నారని తిరిగి వచ్చేవాణ్ని. లోపల ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు.

ఒక్కసారి మాత్రం నోరు తెరిచాను. స్తంభాల విషయంలో ఆమెకు కొన్ని పట్టింపులు ఉన్నాయి సార్, ముడుల్ని బట్టి మొదలూ కొసా చూడాలంటోంది అన్నాను. డీన్ పకపకా నవ్వాడు.

"మనమేమన్నా వడ్లోళ్లమా సార్, ముడులు లెక్కపెట్టుకుంటూ కూచోడానికి?"

గదిలో ఉన్న ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్లకంటే కొంచెం గట్టిగానే నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో కంపు కొడుతోంది.

కమిటీ అనుకున్నదానికంటే నాలుగు రోజులు ముందు, మర్నాడే వస్తోందని కబురు వచ్చింది. ఆ రోజు ఆ పిల్ల వీసా పొడిగింపు కోసం విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసులో పొద్దున్నుంచి వరసలో నిలబడి ఉంది. ఇక్కడ కాంట్రాక్టరు క్రేన్ తెప్పించి తొమ్మిది స్తంభాలూ మధ్యాహ్నంలోగా నిలబెట్టేశాడు. ఎవరి చెయ్యీ పడలేదు. జనం రావడం, తాడు పట్టడం, ఆమె కేక వేయడం, ఏదీ లేదు. నాలుగేళ్లుగా రాస్తున్నది ఏదైతే ఉందో అదంతా ఒక డ్రైవరు కుర్చీలో కూర్చుని మీట నొక్కితే అయిపోయింది.

మల్కాజ్‌గిరి మేస్త్రీ నాకు ఫోను చేసి రమ్మన్నాడు. పోయాను. నడిమి స్తంభం దగ్గరికి తీసుకుపోయి, ఏం చెప్పకుండా దాని వంక చూపించాడు. రంగు వేసి పసుపు బొట్లన్నీ చెరిపేశారు. ఛాతీ ఎత్తులో ఒక ముడి ఉంది. దాని మీద బొటనవేలు పెట్టాను. రంగు కింద ముడి నేలకేసి చూస్తోంది.

జరిగిందేమిటో మేస్త్రీ చెప్పాడు. పాత ఇంట్లో ఆ స్తంభం అడుగుభాగానికి చెద పట్టింది. కాంట్రాక్టరు తెలివి చూపించాడు. చెద పట్టింది పైకి పోతే గడ్డి కింద కనబడదు, గట్టి వైపు కిందుంటే నాలుగు రోజులు ఎక్కువ నిలబడుతుంది. తిప్పేశాడు. దుకాణం లెక్కలో అది మంచి ఉపాయమే. ఆ మేస్త్రీకి మాత్రం మింగుడు పడలేదు.

"సారు, మీరు ఒక్క మాట చెప్పుండ్రి. నేను, మా ఇద్దరు మనుషులు ఉండి పొద్దుగూకే వరకు తిప్పి పెడతం. చెద పట్టినకాడికి కోసి కింద రాయి ఎత్తు పెడితే అయిపాయె. పిల్ల పరేషాన్ అయితది."

పూట పని. అంతే. నేను డీన్ గదికి పోయాను. అప్పుడు లోపల ఎవరూ లేరు. అతిథులకు కప్పే శాలువాలు ముందేసుకుని, ఏ రంగు ఎవరికి అని చూస్తున్నాడు. నన్ను చూసి, ఫైలు మీద సంతకం అయిపోయింది, కమిటీ పోగానే పైకి పంపుతా అన్నాడు. థాంక్స్ సార్ అన్నాను. ఇంకేమన్నా ఉందా అన్నాడు. ఏం లేదు సార్ అన్నాను. మెరూన్ రంగు బాగుంటుందని కూడా చెప్పాను. కిందికి వచ్చి మేస్త్రీతో ఉండనీ అన్నాను. ఆయన తన సంచీలో ఉలి, సుత్తి సర్దుకున్నాడు. నా మొహం చూడలేదు.

సాయంత్రం ఆ పిల్ల వచ్చింది. నిలబడిన ఇంటిని చూసి, చేతిలో ఉన్న వీసా కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. డీన్ వచ్చి, కమిటీ పోయాక ఆదివారం నీ ఇష్టం వచ్చినట్టు కట్టుకోమ్మా, రేపటికి మాత్రం సర్దుకో అన్నాడు. ఆయన పోయాక ఆమె నా వైపు తిరిగింది.

"రేపు మా నాయినకు ఫోన్ల చూపియ్యాలె సార్. గడ్డి, ఇనుము, అన్నీ సమజ్ చేసి చెప్తా. బొడ్డు ఒక్కటి మంచిగ ఉంటే చాలు. మొదలు కిందనే ఉన్నదా సార్?"

తనే చూసుకోవచ్చు కదా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. దమ్ము లేని వాదన అది. పొద్దున్నుంచీ వరసలో నిలబడి వచ్చింది. రంగు ఇంకా ఆరలేదని చుట్టూ తాడు కట్టి ఉంచారు. అన్నిటికంటే ముందు, ఆమె నన్ను అడిగింది. నాలుగేళ్లుగా తను రాసిన ప్రతి పేజీ చదివిన మనిషిని అడిగింది.

"కిందనే ఉందమ్మా" అన్నాను.

ఆమె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

మర్నాడు కమిటీ వచ్చింది. ఎనిమిది మందికి ఎనిమిది శాలువాలు, ఎనిమిది పూలకుండీలు. సామూహిక గృహ నిర్మాణం అని ఫ్లెక్సీ. ప్రొఫెసర్లకు తెల్ల చేతి తొడుగులు పంచారు, చేతులకు ముళ్లు గుచ్చుకోకుండా. బొంగులు అప్పటికే ఇంటికి కట్టి ఉంచారు. వాటికి కూడా ఇసుక కాగితం పట్టారు. ఫోటోగ్రాఫరు ఒకటీ రెండూ మూడూ అనగానే ముప్పై మందిమీ ఎత్తినట్టు చేశాం. హైలెస్సా అన్నారెవరో. సరిపోలేదు, మొహాల్లో బరువు కనిపించాలి అన్నాడు ఫోటోగ్రాఫరు. మళ్లీ చేశాం. అప్పుడే నా మెడ నరాలు ఉబ్బాయి. నా వెనక ఒకాయన, కదుల్తుందేమో మెల్లగా అని జోకు వేశాడు. ఊళ్లో మా నాన్నతో పాటు గుమ్మం దూలం ఎత్తినప్పుడు నిజంగానే భుజం కందిపోయి రెండు రోజులు చొక్కా వేసుకోలేకపోయాను. ఆ భుజాన్నే ఆ బొంగు కింద పెట్టాను. అంతకన్నా నీచం ఇంకేముంటుంది.

ఆ పిల్ల పక్కన నిలబడి ఫోను పట్టుకుని తండ్రికి చూపిస్తోంది. నవ్వుతూ ఏదో చెబుతోంది. నడిమి స్తంభం దగ్గరికి పోయింది. ఫోను పైకి, కిందికి తిప్పింది. ఛాతీ ఎత్తు దగ్గర ఆపింది. ఆగమన్నట్టున్నాడు తండ్రి. దగ్గరికి పెట్టింది. తర్వాత ఆమె మొహంలో నవ్వు అలాగే ఉంది కానీ పెదవులు కదలడం ఆగిపోయింది. ఫోను దించింది. నేను బొంగు కింద నుంచి ఇదంతా చూశాను.

భోజనాలప్పుడు పచ్చిక నిండా బిర్యానీ డబ్బాలు, మూతలు, నాకేసిన ప్లాస్టిక్ చెంచాలు. సామూహిక శ్రమ మీద గంటసేపు మాట్లాడినవాళ్లు తిన్న డబ్బా తీసి నాలుగడుగుల అవతల ఉన్న తొట్టిలో వేయలేకపోయారు. ఊడ్చే ఆడవాళ్లు వాళ్లు లేచేదాకా చెట్టు కింద కాచుకున్నారు. నాకు ముద్ద దిగలేదు. అది నా మంచితనం అనుకోవద్దు, పక్కనున్నాయన నా డబ్బాలోంచి కోడిముక్క తీసుకుంటే నవ్వుతూ ఇచ్చాను.

సోమవారం ఆమె నా గదికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నాయిన ముడి చూసిండు సార్. ఒక్క మాట గూడ అనలే. ఫోన్ పెట్టేసిండు."

నేను పెన్ను మూత తీసి మళ్లీ పెట్టాను. కాంట్రాక్టరు ఇలా చేస్తాడని ఎవరనుకున్నారమ్మా అన్నాను. ఆమె నన్నే చూస్తోంది. కోపం లేదు ఆ చూపులో. ఉంటే బాగుండేది.

"మేస్త్రీ చెప్పిండు సార్, మీరు ముడి మీద చెయ్యి పెట్టి చూసిండ్రని. మీరు చెప్పకపోతే ఇంకెవరు చెప్తరని, ఊకున్నడట."

ఏదన్నా చెప్పాలని వెతికాను. ఫైలు గురించా, డీన్ గురించా, శాలువాల రంగు గురించా. ఆమె, ఆదివారం ఇల్లు విప్పుతున్నం సార్ అని చెప్పి వెళ్లిపోయింది. రమ్మనలేదు.

పిలవకుండా ఎలా పోతాం అని వారమంతా నాకు నేనే చెప్పుకున్నాను. తార్నాక సందులో నా ఫ్లాటు నుంచి క్యాంపస్ గేటు పది నిమిషాల నడక. ఆదివారం పొద్దున లేచి, పేపరు చదివి, టిఫిన్ చేసి, బట్టలు మార్చుకుని, ఇంక ఉండలేక బయల్దేరాను. పాత చొక్కా వేసుకున్నాను. పని చేయడానికే పోతున్నాననుకున్నాను. పదయింది. వాళ్లు ఆరింటికే మొదలుపెట్టారట.

ప్లాస్టిక్ గడ్డి ఒక మూల కుప్పగా పడి ఉంది. బోల్టులు, ఇనుప పట్టీలు ఒక బకెట్టులో. చుట్టూ పాతిక మంది దాకా ఉన్నారు. మెస్సు వంట ఆడవాళ్లు, ఆ రోజు పచ్చిక ఊడ్చినవాళ్లు, డ్యూటీ దిగిన వాచ్‌మన్, హాస్టల్ అమ్మాయిలు కొందరు, మల్కాజ్‌గిరి మేస్త్రీ, ఆయన మనుషులిద్దరు. ఫ్లెక్సీ లేదు, ఫోటోగ్రాఫరు లేడు. నడిమి స్తంభం నేల మీద పడుకోబెట్టి ఉంది. చెద పట్టిన భాగం కోసేశారు. వేరు వైపు రాయికి ఆనించి, కొమ్మ వైపు తాళ్లు కట్టారు. ఆ పిల్ల పక్కన నిలబడి వాళ్ల భాషలో ఒక కేక వేసింది. పాతిక మందీ అదే కేక తిరిగి వేశారు. స్తంభం లేచింది.

నేను చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ పరిగెత్తాను. ఒక తాడు పట్టుకున్నాను. అప్పటికే స్తంభం నిటారుగా నిలబడింది, తాడులో బిగువు లేదు. ఆమె నా దగ్గరికి వచ్చి, విసురుగా కాదు, మెల్లగానే, నా చేతిలోంచి తాడు తీసుకుంది. మీరు కూసోండ్రి సార్ అంది. మెస్సు అక్క ఎక్కడి నుంచో ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నీడలో వేసింది. నేను కూర్చున్నాను. రెండు గంటల్లో మిగతా ఎనిమిది స్తంభాలు లేవడం, మేస్త్రీ తొర్రలో దూలం దూర్చి చెక్క మేకు కొట్టడం, ఊడ్చే ముసలామె ఒకామె మేకును ఇంకో దెబ్బ వేస్తానని సుత్తి లాక్కోవడం, అందరూ నవ్వడం, అన్నీ ఆ కుర్చీలోంచే చూశాను. స్తంభం మీద రంగు గీకేసి మళ్లీ పసుపు బొట్టు పెట్టారు. ఫోనులో తండ్రి మొదటి నుంచీ చూస్తూనే ఉన్నాడు.

తర్వాత చాప పరిచి అన్నం, పప్పు, వేపుడు మధ్యలో పెట్టారు. చెయ్యి వేసినవాళ్లంతా చుట్టూ కూర్చున్నారు. అందరికంటే ముందు ఆమె ఒక స్టీలు కంచంలో వడ్డించి, గ్లాసులో నీళ్లు పోసి, కుర్చీ దగ్గరికి నాకు తెచ్చి ఇచ్చింది. ఆమె థీసిస్ మూడో అధ్యాయం నేనే దిద్దాను. ఇల్లు నిలబెట్టిన రోజు పని చేసినవాళ్లు ఒక చాప మీద తింటారు, చూడ్డానికి వచ్చినవాళ్లకు వేరే ఆసనం వేసి ముందుగా వడ్డిస్తారు, అది మర్యాద, ఒకరిని పొరపాటున కూడా ఇంకొకరి చోట కూర్చోబెట్టరు అని రాసింది. ఆ వాక్యం పక్కన ఎర్ర సిరాతో, బాగుంది అని రాశాను.

కంచం ఒళ్లో పెట్టుకున్నాను. చాప మీదికి పోయి కూర్చుందామని కాళ్లు కదిపాను. మేస్త్రీ నన్ను చూసి కొంచెమైనా జరగలేదు. ఆకలి కూడా వేస్తోంది, తిన్నాను.

ఆమె ఫోను పట్టుకుని చాప చుట్టూ తిరుగుతూ ఒక్కొక్కరినీ తండ్రికి చూపించింది. ప్రతివాళ్ల దగ్గరా ఆగి ఏదో చెప్పింది. ఆయన ఏదో అన్నాడు, ఆమె కళ్లు తుడుచుకుని నవ్వింది. ఏమన్నడే అని మెస్సు అక్క అడిగితే, పెట్టె పంపుతడట అక్కా అంది. చాప మీద అందరూ చప్పట్లు కొట్టారు. చివరికి నా కుర్చీ దగ్గరికి వచ్చింది. తెర మీద తెల్ల మీసాల మనిషి, ఎండకు కమిలిన మొహం, భుజం మీద తువ్వాలు. ఆమె ఆయనతో రెండు ముక్కలు చెప్పింది. నాకు అర్థం కాలేదు. సారు గురించి ఏం చెప్పినవే అని మెస్సు అక్క అడిగింది.

"సారు చూడనీకి వచ్చిండ్రు అని చెప్పిన."

ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఇంటికొచ్చిన పరాయివాడికి చేసినట్టు, వినయంగా తల వంచాడు. నా నోట్లో ముద్ద ఉంది, కుడిచెయ్యి ఎంగిలి. ఎడమచెయ్యి ఎత్తి నమస్కారం చేశాను.